లోపలికి తెరుచుకునే తలుపు

న్యూఫౌండ్‌ల్యాండ్ వడ్రంగి లియాండర్
తలుపు బిగించేముందు ఎవర్నీ అడగడు,
ఎటు తెరుచుకోవాలని.
లోపలికే.
బయటికి తోసే తలుపును
ఒక్క రాత్రిలో మంచు గోడలో కలిపేసుకుంటుంది.

తెల్లారి అతను తలుపు లాగితే
ఎదురుగా నిలువెత్తు తెలుపు,
దాని మీద చెక్కల అచ్చు, బయటి పిడి అచ్చు,
పోయినేడు కొట్టిన మేకు అచ్చుతో సహా.
మొదటి పెళ్ల పారతో తీసి
వేయడానికి చోటు లేక
స్నానాల తొట్టిలో వేస్తాడు.
తుఫానును కొంత ఇంట్లోకి రానిస్తేగాని
బయటికి దారి రాదు.

నీగాతా కొండల్లో కినుఏకి డెబ్బై తొమ్మిదేళ్లు.
ఆమె ఇంటికి రెండు గుమ్మాలు,
వేసవికొకటి కింద,
జనవరికొకటి మేడ మీద.
పోస్టుమాన్ కిటికీ దగ్గర గొంతుక్కూర్చుని
కరెంటు బిల్లు అందిస్తాడు.
రాత్రుళ్లు దూలం మూలుగుతుంది.
మూలుగు సన్నగా ఉంటే రేపటిదాకా ఆగొచ్చు,
బొంగురుపోతే ఇప్పుడే నిచ్చెన వెయ్యాలి.
ఒంటరిగా ఎక్కకూడదన్నది ఊరి కట్టు.
పక్కింటి కుర్రాడొచ్చి నిచ్చెన పట్టుకుంటాడు,
ఫోన్ చూసుకుంటూనే, కానీ గట్టిగా.
ఒంటరిగా ఎక్కినవాడి ఊసు ఎవరూ ఎత్తరు.
అతని పార మాత్రం ఎదురింటి చూరుకి
ఇంకా వేలాడుతోంది.

నా భాషలో
గడ్డిపరక కొసన వెలిగి పోయేదీ మంచే,
దారి కనపడనివ్వని పొద్దుటి పొగా మంచే,
ఇదీ మంచే.
ఆ ఒక్క మాటను పల్చటి చొక్కాలా తొడుక్కుని
ఇంతమంది గుమ్మాల ముందు
వణుకుతూ నిలబడ్డాను.

గోబీకి ఉత్తరాన దొల్గోర్సురెన్‌కి
తలుపు గురించి బెంగ లేదు.
గుడారం గుమ్మం ఎప్పుడూ దక్షిణానికే,
గాలి ఇంటి వీపు మీద కొట్టి పోతుంది.
బెంగంతా గొర్రెలది.
గాలి ఎటు తోస్తే అటు నడుస్తాయవి,
తల తిప్పవు, ఆగవు.
ఆమె మగడు గుర్రమెక్కి వాటి వెనకే పోయాడు.
తిప్పడానికి కాదు, తిప్పలేడు.
అవెక్కడ ఆగితే అక్కడ తనూ ఉండటానికి.
మూడోనాడు వచ్చాడు.
నూట నలభైకి ముప్పయ్యారు.
ఆమె పాలటీ కాచింది. రెండోసారి లెక్కపెట్టింది.
"ఉన్ని తియ్యాలి," అంది పోయినవాటి గురించి.
ఆ రాత్రి ఆమె కూతురి పక్కలో
ఒక గొర్రెపిల్ల, పక్క తడుపుతూ.

డకోటా మైదానంలో
సెల్మర్ ఇంటినుంచి పశువుల కొట్టానికి
ఎనభై అడుగుల తాడు.
ఎనభై అడుగుల్లో మనిషి తప్పిపోతాడంటే
జూన్‌లో నవ్వొస్తుంది.
జూన్‌లో దాని మీద దుప్పట్లు ఆరేస్తారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
భార్యాభర్తలిద్దరూ పొయ్యి దగ్గరే ఉండగా
తాడు కదిలింది.
గోడకున్న కొక్కెం కిర్రుమంది, ఆగింది,
మళ్లీ కిర్రుమంది.
గాలి అన్నాడు సెల్మర్.
గాలి అలా ఆగి ఆగి లాగదంది ఆమె.

వార్సమే ట్రక్కు రోడ్డు మీద కూరుకుపోయింది.
మొగదిషులో పుట్టినవాడు.
దీపం కనబడినట్టనిపించి దిగాడు,
నాలుగడుగుల్లో దీపమూ లేదు, ట్రక్కూ లేదు.
చాలాసేపటికి మెడకేదో అడ్డం తగిలింది.
రెండు చేతులా పట్టుకున్నాడు.
ఏ కొస ఇంటికో తెలియదు.
మొదట తప్పు కొసకే పోయాడు,
చీకట్లో ఒక ఆవు వెచ్చగా ముఖమ్మీద ఊదింది.
కాసేపు దాని పక్కన నిలబడి
మళ్లీ తాడందుకున్నాడు.

తట్టే ఓపిక లేక
తలుపుకి ఆనుకుని ఉన్నాడేమో,
సెల్మర్ గడియ తీయగానే
మనిషి మనిషంతా
లోపలికి పడ్డాడు, వెనకే బుట్టెడు మంచు.

ఆమె ముందు తలుపు మూసింది.
తర్వాత అతని బూట్లు లాగింది.
ఎవరు నువ్వన్న మాట
కాఫీ రెండో కప్పు దాకా
ఎవరికీ గుర్తు రాలేదు.